కారే బండి మీద లేపాక్షికి, ముగ్గుపిండి డబ్బాతో

లేపాక్షి నందిని చూడాలని నాకు పెద్ద కోరికేమీ ఉండేది కాదు. ఆ కోరికంతా నా కొడుకు ఓబులేసుది. బెంగుళూరులో పటాలం వాళ్లు పాత సామాను వేలం వేసినప్పుడు వాడొక మోటారు సైకిలు కొనుక్కొచ్చాడు. పక్కన మనిషి కూర్చునేందుకు ఇనుప తొట్టి బిగించి ఉండేది కాబట్టి మా బెళుగుప్పలో దాన్ని అందరూ తొట్టిబండి అనేవాళ్లు. నిన్ను తొట్లో కూర్చోబెట్టి లేపాక్షికి తీసుకుపోతానమ్మా అని వాడు ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నాడు. చెనిక్కాయల పని అయిపోనీ, కొర్రలు ఇంటికి చేరనీ అని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన వానాకాలంలో వారం రోజుల జ్వరంతో వాడు పోయాడు. ఇరవై ఆరేళ్లు. బండి తప్పేమీ లేదు. ఆ వారమంతా అది పశువుల కొట్టంలో నిలబడి ఉంది.

ఆ తర్వాత కూడా ఏడు నెలలు అక్కడే నిలబడింది. మా వీధిలో సైకిళ్లు, ఆయిలింజన్లు బాగుచేసే మస్తాన్ ఓబులేసుకు చిన్నప్పటి జతగాడు. బండి తుప్పు పట్టకూడదని వాడు పదిహేను రోజులకొకసారి వచ్చి కాసేపు ఇంజను తిప్పేవాడు. తిప్పినప్పుడల్లా కింద నూనె మడుగు. ఒకరోజు మా ఎర్రెద్దు ఆ నూనెలో కాలుజారి మోకాళ్ల మీద పడింది. దాంతో మా ఆయన కళ్యాణదుర్గం నుంచి పాత ఇనుము కొనేవాడిని పిలిపిస్తానన్నాడు. ఆయనకు బండి మీద కోపం లేదని నాకు తెలుసు. దాన్ని చూడలేక, చూడలేనని చెప్పలేక, నెపం ఎద్దు మీద పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. ముందు లేపాక్షికి పోయొస్తానన్నాను. ఆయన చాలాసేపు తలపాగా విప్పి చుట్టుకుని, చివరికి ఒక మాట అన్నాడు.

"పోయి, అదే బండి మీద ఇంటికొస్తే కొట్టంలో చోటిస్తా. దారిలో నిలబడితే ఆడనే ఇనుముకిచ్చేసి బస్సెక్కి రా."

శివరాత్రి వెళ్లిన వారానికి బయలుదేరాం. ఇట్లా పాత బండి మీద పోవాలనుకునేవాళ్లు తెల్లవారు జాము ఐదుకే ఊరు దాటండి. పది దాటితే మా వైపు ఎండకు ఇంజను, మనిషి ఇద్దరూ ఉడికిపోతారు. బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గం, అక్కడినుంచి అనంతపురం, తర్వాత బెంగుళూరు రోడ్డు మీద పెనుకొండ, ఆపైన హిందూపురం, లేపాక్షి. అంతా కలిపి నూట ముప్పై మైళ్లని మస్తాన్ లెక్క. వాడు బండి నడిపాడు. నేను తొట్లో కూర్చున్నాను. నా కాళ్ల దగ్గర జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి మూట, ఇంజను నూనె డబ్బాలు రెండు, పాత గుడ్డలు, ఒళ్లో ముగ్గుపిండి డబ్బా.

ముగ్గుపిండి ఎందుకో చెప్పాలి. ఓబులేసు బతికి ఉండగా నా డబ్బా ఎప్పుడూ సగానికే ఉండేది. ఎవరు దొంగిలిస్తున్నారా అని చూస్తే వీడే. నూనె ఎక్కడ కారుతోందో కనిపెట్టాలంటే ముందు ఇంజనును కిరసనాయిలుతో శుభ్రంగా తుడవాలట, ఆరాక మొత్తం ముగ్గుపిండి చల్లాలట, ఒక మైలు తిప్పి వచ్చి చూస్తే పిండి ముందుగా ఎక్కడ నల్లబడిందో అక్కడే కారుతున్నట్టట. చుక్క కింద పడుతుంది కానీ చిల్లి పైన ఉంటుందమ్మా అనేవాడు. నేను ముగ్గుకు పిండి లేకుండా చేస్తావని చీపురెత్తేదాన్ని. ఇప్పుడు డబ్బా నిండుగా ఉంది. చావు జరిగిన ఇంటి ముందు ఏడాది దాకా ముగ్గు వెయ్యరు కదా.

తొట్లో కూర్చోవడం మొదట్లో భయమేసింది. నేల అరచేతికి తగిలేంత దగ్గర. ప్రతి గుంతా నా వెన్నులో మాట్లాడింది. బ్రహ్మసముద్రం వైపు పోయే గొర్రెల మంద ఒకటి అడ్డమొస్తే కాపరి నన్ను చూసి దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియాలి. తొట్లో కూర్చున్న ఆడమనిషిని చూసి ఏ అమ్మవారి ఊరేగింపో అనుకున్నాడని మస్తాన్ నవ్వాడు. నేనూ చెయ్యెత్తి దీవించాను. ఏడు నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది అక్కడే.

కళ్యాణదుర్గం చేరేసరికి ఆరున్నర. బస్టాండు పక్కన రెండిడ్లీలు, కాఫీ కలిపి మనిషికి ఇరవై ఐదు నయాపైసలు. ఇడ్లీ తింటూ బండి కిందకు చూస్తే చుక్క చుక్క పడుతోంది. తుడిచి, పిండి చల్లి, ఊరి బయట ఒక చుట్టు తిరిగొచ్చాం. ఇంజను నెత్తిమీద మూత అంచున పిండి నల్లబడింది. దొరికిందని మస్తాన్ సంబరపడి మూత విప్పి, కింద కొత్త ప్యాకింగు వేశాడు. ప్యాకింగంటే రెండు ఇనుప ముక్కల నడుమ నూనె బయటికి రాకుండా పెట్టే మందపాటి అట్ట. గంట పట్టింది. చుట్టూ పదిమంది చేరి తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన సున్నం పెట్టమన్నాడు, ఒకాయన చింతపండు పెట్టమన్నాడు.

అనంతపురంలో దిగేసరికి పది. మూత దగ్గర తడి లేదు. కానీ ఎడమ పక్క గొలుసు పెట్టె కింద కొత్తగా కారుతోంది. అక్కడ మళ్లీ తుడుపు, మళ్లీ పిండి, మళ్లీ ప్యాకింగు. సామాను అంగడిలో అట్టకు రూపాయి, ఇంకో డబ్బా నూనెకు మూడు రూపాయలు తీసుకున్నారు. అంగడాయన బండిని అటూ ఇటూ చూసి, అమ్మేట్టయితే చెప్పండి, నూతి మీద నీళ్లు తోడే ఇంజనుగా పనికొస్తుందన్నాడు. మస్తాన్ నా ముఖం చూసి, అమ్మేది లేదని తనే చెప్పాడు.

బెంగుళూరు రోడ్డు మంచి రోడ్డు. తారు పరిచి ఉంది, రెండు పక్కలా చింతచెట్లు. ఇక్కడైనా హాయిగా పోతామనుకుంటే రాప్తాడు దాటగానే నా కుడిచెవి దగ్గర వెచ్చగా ఏదో తుంపర పడింది. తుడుచుకుంటే నూనె. ఆగాం. వెనకాల వస్తున్న లారీ కూడా ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, పెద్దదెవరు, బండా ఆయమ్మా అని మస్తాన్‌ను అడిగాడు. రెండిట్లో ఏది ముందు నిలబడుతుందో పందెం కాద్దామన్నాడు.

"ముందు నీ లారీ కింద చూసుకోప్పా" అన్నాను నేను.

ఆయన దిగి చూసుకున్నాడు. మా బండి కింద చుక్కలు పడుతుంటే ఆయన లారీ కింద తీగ కట్టి ధార పోతోంది. ఆయన టవలు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, తిట్టుకుంటూ లారీ కిందకు దూరాడు. మస్తాన్ పోయి సాయం పట్టాడు. పోయేటప్పుడు ఆయన మాకు ఒక గుడ్డల మూట ఇచ్చాడు. ఆ దారిలో నూనె తుడిచే గుడ్డకంటే విలువైన కానుక లేదు.

మరూరు దాటాక రోడ్డు పక్క ఒక పూరి హోటలుంది. వండేది, వడ్డించేది అన్నీ గంగమ్మ అనే ఒక్క మనిషే. సంగటి, చింతచిగురు పప్పు, మజ్జిగ. కడుపునిండా తింటే అర్ధరూపాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. మస్తాన్ సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని తినకుండా బండి వైపే చూస్తున్నాడు. ఈసారి చల్లిన పిండి ఒకచోట కాదు, అన్ని అతుకుల దగ్గరా నల్లబడింది. పొద్దున వేసిన కొత్త ప్యాకింగుల అంచున కూడా తడే. తెచ్చిన మూడు డబ్బాల నూనెలో మిగిలింది ఒక్కటి. అది కూడా అయిపోతే ఇంజను లోపల పట్టేసుకుంటుంది, ఇంక కదలదు.

"యాడ మూసినా ఇంకోచోట తోసుకొస్తాండాది పెద్దమ్మా" అన్నాడు. "పెనుకొండ దాకా ఎట్లో లాగుతా. ఆడినుంచి బస్సులో పోదామా?"

బస్సంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మా ఆయన మాట ఇద్దరం విన్నాం. ఎదురుగా ఎండిపోయిన కుంట ఉంటే దాని వైపు తిరిగి కూర్చున్నాను. గంగమ్మ మజ్జిగ పోస్తూ, నేను కుంటను చూస్తున్నాననుకుని దాని సంగతి చెప్పుకొచ్చింది. ఆ కుంట నిండి ఆరేళ్లయిందట. నిండినా సుఖం లేదట, కట్ట పొడుగునా ఊట కారుతుందట. ఊరివాళ్లు ప్రతిసారీ కట్ట మీద మట్టి పోస్తారట. ఒకచోట పోస్తే ఇంకోచోట ఊరుతుందట.

"కట్టదేం తప్పు లేదక్కా. మరవలో కంప పడి మూసుకపోయింది. ఎచ్చు నీళ్లు పోనీకి దోవ లేకపోతే యాడ సందుంటే ఆడ రావా?"

మరవంటే కుంట నిండాక ఎక్కువ నీళ్లు బయటికి పోయే దారి. నా చిన్నప్పుడు మా నాయన మొదటి వాన పడగానే పార భుజాన వేసుకుని చేసే మొదటి పని మరవలో కంప తీయడమే. చేతిలో మజ్జిగ గ్లాసు అట్లాగే పట్టుకుని నేను మస్తాన్‌ను అడిగాను.

"ఈ ఇంజనుకు మరవ యాడుండాది రా?"

వాడు ముందు నన్ను వింతగా చూశాడు. తర్వాత ముద్ద ఆకులో పెట్టేసి లేచాడు. ఇంజను తిరిగేటప్పుడు లోపల గాలి నిండుతుందనీ, అది బయటికి పోయేందుకు ఊపిరి గొట్టం ఒకటి ఉంటుందనీ, అది మూసుకుపోతే ఆ గాలే నూనెను అతుకుల్లోంచి తోస్తుందనీ గబగబా చెబుతూ బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. ఆ గొట్టం తొట్టి బిగించిన కడ్డీ వెనకాల దాక్కుని ఉంది. పైనుంచి కనబడదు. వాడు వేలు పెట్టి చూసి, తీగ ముక్క వంచి లోపలికి పోనిచ్చి లాగాడు. నల్లటి గుడ్డ ముక్క ఒకటి జారి వాడి ముఖం మీద పడింది.

వాడు దాన్ని పిండి, విప్పి, నాకు చూపించాడు. నూనెలో నానినా అంచు తెలుస్తోంది. చిలకపచ్చ అంచు, దానిమీద సన్నటి పసుపు గీత. నా చీరే.

దినాలు అయిపోయిన మర్నాడు నేను ఆ బండిని కడిగాను. ఇంకేం చెయ్యాలో తెలియక కడిగాను. కడిగి, ఆరబెట్టి, కందిరీగలు లోపల మన్ను పెట్టి గూడు కట్టకుండా ఎక్కడ బొక్క కనబడితే అక్కడ పాత చీర చింపి కుక్కాను. ధాన్యం గాదెల్లోకి ఎలకలు దూరకుండా మేం చేసే పనే అది. కొట్టంలో కూర్చుని, చెయ్యి దూరే చోటు, దూరని చోటు అన్నీ తడిమి తడిమి మూశాను. మొదటిసారి ఇంజను తిప్పడానికి వచ్చినప్పుడు మస్తాన్ పెద్ద గొట్టాల్లో గుడ్డలు తీసేశాడు. ఇది ఎవరికీ కనబడలేదు. ఏడు నెలలుగా ఆ బండి ఊపిరి బిగబట్టింది నా వల్లే.

గంగమ్మ చాప వేసి నన్ను కూర్చోబెట్టింది. మస్తాన్ నవ్వుతాడనుకున్నాను. వాడు నవ్వలేదు. ఆ గుడ్డను కిరసనాయిలులో కడిగి, చింతకొమ్మ మీద ఆరేసి, నా దగ్గరికొచ్చి గొంతుకూర్చున్నాడు. ఓబులేసు ఉంటే ఏమనేవాడో అని నేను అడిగాను.

"మా అమ్మ ముగ్గుపిండే ఇస్తాదనుకున్యా, చీర గూడా ఇచ్చింది బండికి అంటాండె."

అప్పుడు నవ్వాం. గంగమ్మకు సంగతి చెబితే ఆమె కూడా నవ్వి, కళ్లు కొంగుతో తుడుచుకుని, మజ్జిగకు డబ్బులు తీసుకోలేదు.

మిగిలిన నూనె పోసి రెండుకు బయలుదేరాం. బండి చప్పుడు మారింది. పొద్దుట్నుంచి దగ్గుతున్నది ఇప్పుడు గొంతు సవరించుకున్నట్టయింది. పెనుకొండ కోట కింద ఆగి చూస్తే పాత మరకలే తప్ప కొత్త తడి లేదు. సోమందేపల్లి దగ్గర మళ్లీ చూశాం. లేదు. హిందూపురంలో బెల్లం అంగళ్ల మధ్య ఆగి చూశాం. లేదు. ఇంక చూడొద్దు పెద్దమ్మా, సిగ్గుపడతాది అన్నాడు మస్తాన్. హిందూపురం నుంచి లేపాక్షి తొమ్మిది మైళ్లు. ఐదున్నరకు నంది కనబడింది.

నంది గురించి నాకంటే బాగా రాసినవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ మెడ పైకెత్తి చూసే తీరు, మా ఎర్రెద్దు దూడగా ఉన్నప్పుడు చూసిన తీరే. దాని మెడలో గంటలు, హారాలు ఒక్కొక్కటే చెక్కారు. సాయంత్రం ఎండలో రాయి తంగేడుపువ్వు రంగులో ఉంది. మస్తాన్ దాని చుట్టూ తిరిగి, పొట్ట కిందకు వంగి చూసి, పైకి లేచి ఖచ్చితంగా తేల్చేశాడు.

"అంతా ఒకటే రాయి పెద్దమ్మా. అతుకే లేదు. ఇంక యాడ కారతాది?"

గుళ్లోకి నేను ఒక్కదాన్నే పోయొచ్చాను. వీరభద్రుడికి టెంకాయ కొట్టించాను. రాత్రికి గుడి దగ్గర సత్రంలో చోటు దొరికింది. మనిషికి పావలా, చాప వాళ్లదే. చీకటి పడకముందే సత్రం వాకిట్లో బండి నిలబెట్టాం. తెల్లవారి చుక్కలు లెక్కపెట్టేందుకు కింద పిండి చల్లమన్నాడు మస్తాన్. నేను చిమ్మి, నీళ్లు చల్లి, డబ్బా మూత తీశాను. పిండి చల్లితే చాలు. కానీ వేళ్లు ఊరుకోలేదు. గీత తర్వాత గీత పడింది. ముందు చక్రం నుంచి తొట్టి దాకా ఒక ముగ్గు అయింది. చెయ్యి అడ్డం తిరుగుతుందనుకున్నాను, తిరగలేదు. సత్రంలో ఒకామె వచ్చి బండికి పూజా అని అడిగింది. పూజ కాదమ్మా, పరీక్ష అన్నాను.

పొద్దున్నే నేనే ముందు లేచాను. ముగ్గు మీద ఒక కుక్క అడుగులున్నాయి. వెనక గొలుసు కింద పెసరగింజంత నల్ల చుక్క ఒకటి ఉంది. మస్తాన్ వచ్చి, వేలితో తీసి వాసన చూసి, అది గొలుసుకు మనం పూసిన నూనే, ఇంజనుది కాదన్నాడు. ముగ్గంతా తెల్లగా ఉంది.

వచ్చిన దారినే తిరిగొచ్చాం. గంగమ్మ హోటలు దగ్గర ఆగి ఆమెకు లేపాక్షి కుంకుమ ఇచ్చాను. చింతకొమ్మ మీద ఆరిన గుడ్డ తీసుకున్నాను. పొద్దు వాలకముందే బెళుగుప్ప చేరాం. మా ఆయన వీధి అరుగు మీద ఉన్నాడు. చప్పుడు విని లేచి నిలబడ్డాడు. బండి కొట్టంలోకి పోయేసరికి చూస్తే, నూనె మడుగున్న చోట మట్టి తవ్వి పోసి, కొత్త మట్టి పరిచి, పేడతో అలికి ఉంది. ఎద్దును అవతలి పక్కకు మార్చి కట్టాడు. నేను బస్సులో వస్తానని ఆయన అనుకోలేదన్నమాట. మర్నాడు పొద్దున పాలు పితకడానికి పోతే ఆయన ముందే అక్కడ గొంతుకూర్చుని బండి కిందకు చూస్తున్నాడు. అలికిన నేల శుభ్రంగా ఉంది. మస్తాన్ వస్తే ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

"శుక్రవారం కళ్యాణదుర్గం సంతకు పోతాండా. ఆ తొట్టి నన్ను మోస్తాదంటావా?"

బండి ఇప్పుడు మా కొట్టంలోనే ఉంటుంది, తాళంచెవి మాత్రం మస్తాన్ దగ్గర ఉంటుంది. వారానికి రెండుసార్లు బయటికి పోతుంది. నిలబెట్టి దాచుకుంటే పాడవుతుందని అప్పుడు నాకు తెలియదు. పురుగు దూరకూడదని, దుమ్ము పడకూడదని, వాడు వదిలినట్టే ఉండాలని అన్ని దారులూ మూశాను. అంత గట్టిగా మూసినా అది నన్ను లేపాక్షికి తీసుకుపోయి తెచ్చింది. వాడు చూపిస్తానన్న నందిని చూశాను. వాడు లేకుండా చూశాననే బాధ ఉంది, అది ఎక్కడికీ పోదు. కానీ తొట్లో కూర్చుని ఎదురుగాలి ముఖాన కొడుతుంటే ఓబులేసుకు ఇదంటే ఎందుకంత ఇష్టమో తెలిసింది. అది ఇంట్లో కూర్చుంటే తెలిసేది కాదు.

పాత బండి మీద పోయేవాళ్లకు ఒక మాట. ఒక శేరు ముగ్గుపిండి తీసుకుపోండి, పైనుంచి కిందికి చల్లి చూడండి. ఒక్కచోట నల్లబడితే అక్కడ ప్యాకింగు మార్చండి. అన్నిచోట్లా నల్లబడితే ఏదీ విప్పకండి. ముందుగా బండి వెనకవైపు వంగి, ఊపిరి గొట్టంలో ఎవరైనా అమ్మ గుడ్డ కుక్కిందేమో చూడండి.